సంతకం ఖరీదు: ఏఐ భద్రతకు నిపుణుల మద్దతును ఎలా చదవాలి

2015 జనవరిలో ఒక బహిరంగ లేఖ వెలువడింది. కృత్రిమ మేధ (ఏఐ) సామర్థ్యాన్ని పెంచడంతో సరిపెట్టుకోకుండా, అది మన అదుపులో ఉండేలా, సమాజానికి మేలు చేసేలా చూసే పరిశోధన కూడా ఇప్పుడే మొదలవ్వాలన్నది దాని సారాంశం. ఫ్యూచర్ ఆఫ్ లైఫ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ప్యూర్టో రికోలో ఏర్పాటుచేసిన సమావేశం సందర్భంగా వచ్చిన ఆ లేఖ మీద స్టీఫెన్ హాకింగ్, ఈలాన్ మస్క్, గూగుల్‌కు చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన డెమిస్ హసాబిస్ సంతకాలు చేశారు. మన ఇంజినీరింగ్ కళాశాలల్లోనూ చదివించే ఏఐ పాఠ్యపుస్తకాన్ని కలిసి రాసిన స్టువర్ట్ రస్సెల్, పీటర్ నార్విగ్ ఇద్దరూ చేశారు. అప్పట్లో ఫేస్‌బుక్ ఏఐ ప్రయోగశాలకు అధిపతిగా ఉన్న యాన్ లెకూన్ కూడా చేశారు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి వీటిలో కొన్ని పేర్లు ఎదురెదురు శిబిరాల్లో కనిపించాయి.

ఏఐ భద్రతకు నిపుణుల మద్దతు ఉందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట ఒక్కటే వింటే తెలిసేది చాలా తక్కువ. దేనికి మద్దతు? ఆ మద్దతు వల్ల సంతకం చేసినవారికి ఏమైనా నష్టం ఉందా? ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటూ గత పదేళ్ల లేఖలు, ప్రకటనలు వరుసగా చదివితే ఒక క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. కోరిక ఎంత విశాలంగా ఉంటే సంతకాలు అంత దట్టంగా పడ్డాయి. ఫలానా పని, ఫలానా గడువులోగా, ఫలానా కంపెనీ చేయాలి అనేసరికి గుంపు పలచబడింది.

అసలు ఈ ఆందోళన బయటివారు తెచ్చిపెట్టింది కాదు. కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుడైన అలన్ ట్యూరింగ్ 1951లోనే, యంత్రాలు ఏదో ఒక దశలో పగ్గాలు చేజిక్కించుకుంటాయని అనుకోక తప్పదన్నాడు. యంత్రానికి మనం అప్పగించే లక్ష్యం, మనం నిజంగా కోరుకునే లక్ష్యం ఒకటేనని ముందే రూఢి చేసుకోవాలని నార్బర్ట్ వీనర్ 1960లో హెచ్చరించాడు. వీనర్ మాట చాలాకాలం తత్వచర్చలాగే ఉండిపోయింది. అది కళ్లకు కట్టిన సందర్భాల్లో ఒకటి 2016 నాటిది. తర్వాత చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ పరిశోధకులు ఒక పడవ పందెం వీడియో గేమ్‌ను ఏఐతో ఆడించారు. పడవ పందెమంటే గమ్యం చేరడమని మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏఐకి చెప్పింది మాత్రం స్కోరు పెంచుకొమ్మని. దారి పొడవునా ఉన్న గుర్తులను తాకితే స్కోరు వస్తుంది. కొంత సాధన తర్వాత ఆ ఏఐ ఒక మడుగు లాంటి చోటు కనిపెట్టి, అక్కడే గుండ్రంగా తిరుగుతూ మూడు గుర్తులను మళ్లీ మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. వేరే పడవలను గుద్దింది, ఎదురు దిశలో వెళ్లింది, నిప్పంటుకున్నా ఆగలేదు. పందెం పూర్తిచేసే మనుషుల కన్నా సగటున 20 శాతం ఎక్కువ స్కోరు తెచ్చుకుంది. గమ్యం మాత్రం చేరనేలేదు.

అది ఆట కాబట్టి నవ్వుకుని వదిలేయవచ్చు. అదే తీరు రుణాల మంజూరులోనో, విద్యుత్ గ్రిడ్ నిర్వహణలోనో, ఆయుధాల్లోనో కనిపిస్తే ఏమిటన్నది 2015 లేఖ వెనకున్న ప్రశ్న. దాంట్లో సంతకం చేయడానికి ఇబ్బంది పడాల్సింది ఏమీ లేదు. పరిశోధన జరగాలంటే ఏ శాస్త్రవేత్త వద్దంటాడు? అయినా ఆ లేఖను తీసిపారేయడం తప్పు. మస్క్ ఇచ్చిన కోటి డాలర్ల విరాళంతో అదే ఏడాది 37 పరిశోధన బృందాలకు నిధులు అందాయి. అంతవరకు ఏఐ భద్రత గురించి మాట్లాడే యువ పరిశోధకుడిని తోటివాళ్లు కాస్త వింతగా చూసేవారు. పెద్దల పేర్లున్న కాగితం ఒకటి చేతికొచ్చాక అది గౌరవనీయమైన పరిశోధనాంశం అయింది. ఈ పదేళ్ల లేఖలన్నిటిలో చెప్పిన పని చాలావరకు జరిగింది బహుశా దానికే. కారణం కూడా తేలికే: అది ఎవరినీ ఏదీ మానుకొమ్మని అడగలేదు.

మానుకొమ్మని అడిగిన లేఖ అదే ఏడాది జులైలో వచ్చింది. మనిషి ప్రమేయం లేకుండా లక్ష్యాన్ని ఎంచుకుని దాడి చేసే ఆయుధాలను నిషేధించాలని బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన అంతర్జాతీయ ఏఐ సదస్సులో పరిశోధకులు కోరారు. వేలమంది సంతకాలు చేశారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2023 డిసెంబరులో, ఈ ఆయుధాలపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మొదటి తీర్మానాన్ని 152 దేశాల మద్దతుతో ఆమోదించింది. నాలుగు దేశాలే వ్యతిరేకించాయి, వాటిలో రష్యాతో పాటు భారత్ కూడా ఉంది. దీనిపై చర్చకు వేరే వేదిక ఇప్పటికే ఉందన్నది మన ప్రభుత్వ వాదన. నిషేధం మాత్రం ఇంకా రాలేదు. నిపుణుల సంతకాలకూ ప్రభుత్వాల నిర్ణయాలకూ మధ్య దూరం ఎంతో ఇక్కడ తెలుస్తుంది.

2017లో మరో ప్రయత్నం జరిగింది. కాలిఫోర్నియా తీరంలోని అసిలోమార్‌లో సమావేశమైన పరిశోధకులు, న్యాయ నిపుణులు, కంపెనీల వారు కలిసి 23 సూత్రాలు రూపొందించారు. హాజరైనవారిలో కనీసం 90 శాతం మంది ఒప్పుకున్న సూత్రాన్నే జాబితాలో ఉంచారు. ఆ చోటును ఎంచుకోవడంలోనే ఒక ఆశ ఉంది. 1974లో పాల్ బెర్గ్ తదితర జీవశాస్త్రవేత్తలు కొన్ని రకాల డీఎన్ఏ ప్రయోగాలను తమంతట తాముగా ఆపేద్దామని పిలుపునిచ్చారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో దాదాపు 140 మంది అదే అసిలోమార్‌లో కూర్చుని, ఏ ప్రయోగం ఎంత ప్రమాదకరం, ఏది ఏ జాగ్రత్తలతో చేయవచ్చు అని తేల్చారు. 1976లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వాటి ఆధారంగా నిబంధనలు తెచ్చింది. శాస్త్రవేత్తలు తమ పనిని తామే ఆపుకుని, నియమాలు రాసుకుని, తిరిగి మొదలుపెట్టిన అరుదైన ఘట్టమది.

ఏఐ గురించి రాసేవారు ఆ కథను తరచూ తలుచుకుంటారు. కానీ అది ఎందుకు ఫలించిందో చెప్పడం మరిచిపోతారు. 1975లో ఆ ప్రయోగాలు చేసేది ప్రధానంగా విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ సంస్థలు. వాటికి డబ్బిచ్చేది ప్రభుత్వం. నిబంధన మీరిన ప్రయోగశాలకు గ్రాంటు ఆగిపోతుంది. అంటే నిపుణుల మాట వెనక నిధుల తాళంచెవి ఉంది. పైగా ఆ పరిజ్ఞానం మీద ఆధారపడిన వ్యాపారం అప్పటికి ఇంకా మొదలే కాలేదు. ఏఐ విషయంలో ఇదంతా తలకిందులైంది. అతిపెద్ద ఏఐ నమూనాలను (మోడళ్లను) తయారుచేసేది ప్రైవేటు కంపెనీలు. ఖర్చు పెట్టుబడిదారులది. ఆ రంగంలో మేటి నిపుణుల్లో చాలామందికి జీతాలిచ్చేదీ, వాటాలిచ్చేదీ ఆ కంపెనీలే. 23 సూత్రాల్లో ఒకటి, భద్రతా ప్రమాణాలను పణంగా పెట్టి పోటీపడవద్దని చెబుతుంది. 90 శాతం మంది ఒప్పుకున్నారు. ఆరేళ్లకు ఏం జరిగిందో అందరికీ తెలుసు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. 2023 మార్చి 14న ఓపెన్‌ఏఐ మరింత శక్తిమంతమైన నమూనా జీపీటీ-4 విడుదలైంది. మరో ఎనిమిది రోజులకు ఫ్యూచర్ ఆఫ్ లైఫ్ ఇన్‌స్టిట్యూట్ మరో ప్రసిద్ధ లేఖను విడుదల చేసింది. జీపీటీ-4 కన్నా శక్తిమంతమైన వ్యవస్థల శిక్షణను కనీసం ఆరు నెలలు ఆపాలి, కంపెనీలు ఆపకపోతే ప్రభుత్వాలు ఆపించాలి అన్నది డిమాండు. మొత్తం మీద 30 వేలకు పైగా సంతకాలు వచ్చాయి. నేటి ఏఐకి ఆద్యుల్లో ఒకరైన యోషువా బెంగియో, రస్సెల్, మస్క్, ఆపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ ముందు వరుసలో నిలిచారు. లెకూన్ చేయలేదు. అయినా మొదట్లో ఆయన పేరు జాబితాలో కనబడింది. తాను చేయలేదని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ పేరు కూడా ఎవరో నకిలీగా చేర్చారు. సంఖ్య చూపించి మద్దతును కొలిచే పద్ధతిలో ఉన్న లోపానికి ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు.

ఆ ఆరు నెలల విరామం రాలేదు. ప్రముఖ ఏఐ ప్రయోగశాలల్లో ఏ ఒక్కటీ శిక్షణ ఆపినట్టు ప్రకటించలేదు. సంతకం చేసిన మస్క్ అదే ఏడాది ఎక్స్‌ఏఐ పేరుతో సొంత కంపెనీ పెట్టి అదే పందెంలోకి దిగారు. దీన్ని కపటం అనడం సులువు. మిగతావాళ్లు ఆపకపోతే నేనొక్కడినే ఆపి ఏం లాభం అనే వాదనకు బలం లేకపోలేదు కూడా. కాకపోతే ఆ వాదనను అందరూ ఒకేసారి చేస్తున్నారు. సంతకాలతో తెగని ముడి అదే.

ఈ లేఖను తప్పుపట్టిన వారిలో రెండు రకాలవారు ఉన్నారు. వీరిని ఒకే గాటన కట్టకూడదు. లెకూన్ వంటివారు, ఇప్పటి భాషా నమూనాలు మనిషి మేధకు చాలా దూరంలో ఉన్నాయని, ఈ భయం అతిశయోక్తి అని అంటారు. ఏఐ వల్ల సమాజానికి కలిగే హానిని అధ్యయనం చేసే టిమ్నిట్ గెబ్రూ, ఎమిలీ బెండర్ వంటివారి అభ్యంతరం పూర్తిగా వేరు. ఊహాజనితమైన రేపటి ప్రమాదం గురించి మాట్లాడుతూ ఈనాటి హానిని మరుగున పడేస్తున్నారని వారు విమర్శించారు. కార్మికుల శ్రమదోపిడీ, అనుమతి లేకుండా వాడుకున్న సమాచారం, కొద్ది కంపెనీల చేతిలో పోగుపడుతున్న అధికారం వారి దృష్టిలో ముందు తేల్చాల్సిన విషయాలు. ఇది ఉత్త మాట కాదు. చాట్‌జీపీటీని మర్యాదగా మాట్లాడించడానికి అత్యంత హింసాత్మకమైన రాతలను చదివి గుర్తులు పెట్టే పని కెన్యాలోని కార్మికులకు అప్పగించారని, వారికి గంటకు రెండు డాలర్ల లోపే దక్కిందని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. ఏఐ భద్రత పేరుతో జరిగిన పని అది. ఈ విమర్శకులు కూడా ఏఐ మనుషులకు మేలు చేయాలనే కోరుకుంటున్నారు. నిపుణుల మద్దతును లెక్కించేటప్పుడు వీరిని వ్యతిరేకుల ఖాతాలో రాసేస్తే లెక్క తప్పుతుంది.

2023 మే 30న వచ్చిన ప్రకటన పాత లేఖల నుంచి పాఠం నేర్చుకున్నట్టుంది. సెంటర్ ఫర్ ఏఐ సేఫ్టీ విడుదల చేసిన ఆ ప్రకటన ఒకే వాక్యం, ఇంగ్లిష్‌లో 22 పదాలు. మహమ్మారులు, అణుయుద్ధం వంటి ముప్పుల సరసన ఏఐ వల్ల మానవజాతి అంతరించే ముప్పును కూడా తగ్గించడం ప్రపంచ ప్రాధాన్యం కావాలన్నది భావం. ఎలా తగ్గించాలో, ఎవరు తగ్గించాలో, ఎప్పటిలోగానో లేదు. విరామం మాట అసలే లేదు. అందుకే ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్, హసాబిస్, మరో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ అధిపతి డారియో ఆమొడై కూడా చేతులు కలిపారు. రెండు నెలల క్రితం లేఖలో కనిపించని పేర్లివి. వాక్యం ఎంత భయంకరంగా ఉందో అంత ఖర్చు లేనిది. అయితే దానికో ప్రయోజనం ఉంది. ప్రమాదం గురించి మాట్లాడేవారు సైన్స్ ఫిక్షన్ చదివి వచ్చారనే వెక్కిరింపు ఆ రోజుతో పాతబడిపోయింది.

జెఫ్రీ హింటన్ ఉదంతం ఇంతకన్నా లోతుగా చూడాల్సింది. నేటి ఏఐకి పునాది అయిన న్యూరల్ నెట్‌వర్కుల పితామహుడిగా పేరుపొంది, బెంగియో, లెకూన్‌లతో కలిసి 2018 ట్యూరింగ్ అవార్డు అందుకున్న వ్యక్తి. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ కూడా వచ్చింది. మార్చి లేఖ మీద ఆయన సంతకం లేదు. అప్పటికి ఆయన గూగుల్ ఉద్యోగి. మే మొదట్లో ఉద్యోగం వదిలాక, ప్రమాదాల గురించి స్వేచ్ఛగా మాట్లాడటానికే బయటికి వచ్చానని చెప్పారు. నెలాఖరుకు 22 పదాల ప్రకటనలో మొదటి పేర్లలో నిలిచారు. అంటే జాబితాలో ఒక పేరు లేనంత మాత్రాన ఆ మనిషికి ఆందోళన లేదని అనుకోలేం. కంపెనీల లోపల ఎందరు నోరు కట్టుకుని ఉన్నారో ఏ జాబితా చెప్పదు.

దీనికి సమాధానంగా పనికొచ్చేవి పేర్లు బయటపడని సర్వేలు. వీటిలో పెద్దది ఏఐ ఇంపాక్ట్స్ సంస్థ 2023లో జరిపి 2024 జనవరిలో ప్రచురించింది. పేరున్న ఆరు ఏఐ వేదికల్లో పరిశోధన పత్రాలు ప్రచురించినవారిని అడగ్గా 2,778 మంది సమాధానమిచ్చారు. భద్రతా పరిశోధనకు ఇప్పటికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలన్నవారు దాదాపు 70 శాతం. ఇది బలమైన మద్దతే. పత్రికలకెక్కింది మాత్రం మరో అంకె: మానవజాతి అంతరించడం వంటి అత్యంత చెడు పరిణామానికి వారిచ్చిన అవకాశం 5 శాతం. ఇది సగటు కాదు. సమాధానాలను వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో నిలిచే అంకె.

ఈ అంకెను జాగ్రత్తగా పట్టుకోవాలి. సర్వే అందుకున్నవారిలో సమాధానమిచ్చినవారు దాదాపు 15 శాతమే. పైగా దాదాపు ఇదే విషయాన్ని వేర్వేరు బృందాలకు వేర్వేరు మాటల్లో అడిగారు. అదుపు చేయలేని ఏఐ వల్ల మానవజాతి అంతరిస్తుందా, లేదా శాశ్వతంగా శక్తిహీనమవుతుందా అని గుచ్చి అడిగినప్పుడు మధ్య అంకె 10 శాతానికి పెరిగింది. తర్కం ప్రకారం ఇది కుదరదు. అదుపు తప్పి అంతరించడం అనేది అన్ని రకాలుగా అంతరించడంలో ఒక భాగం మాత్రమే. భాగం మొత్తం కన్నా పెద్దది కాలేదు. అంటే నిపుణులు లెక్కగట్టి చెబుతున్నది తక్కువ, ప్రశ్న ఎలా వినబడితే అలా స్పందిస్తున్నది ఎక్కువ. అదే సర్వేలో 68 శాతం మంది, మనిషిని మించిన ఏఐ వల్ల చెడు కన్నా మంచికే అవకాశం ఎక్కువని భావించారు. అలా ఆశాభావంతో ఉన్నవారిలోనూ దాదాపు సగం మంది ఘోర పరిణామానికి కనీసం 5 శాతం అవకాశం ఇచ్చారు. ఆశావాదులు, భయస్తులు అని నిపుణులను రెండుగా చీల్చే వార్తలకు ఈ అంకె లొంగదు. ఒకే మనిషి రెండూ అయి ఉన్నాడు.

మద్దతుకు అసలు పరీక్ష కాలిఫోర్నియా శాసనసభలో ఎదురైంది. శిక్షణ ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటిన నమూనాల తయారీదారులు భద్రతా పరీక్షలు చేయాలని, పెనునష్టం వాటిల్లితే బాధ్యత వహించాలని చెప్పే ఎస్‌బీ 1047 బిల్లును 2024లో సెనేటర్ స్కాట్ వీనర్ ప్రవేశపెట్టారు. హింటన్, బెంగియో, రస్సెల్ సమర్థించారు. లెకూన్‌తో పాటు పేరున్న ఏఐ పరిశోధకులు ఆండ్రూ ఎన్‌జీ, ఫే-ఫే లీ వ్యతిరేకించారు. ఓపెన్‌ఏఐ కూడా ఇది రాష్ట్రాల పని కాదంటూ వ్యతిరేకించింది. ఏడాది క్రితం దాని అధిపతి అణుయుద్ధంతో పోల్చిన ముప్పు గురించే ఆ బిల్లు. మస్క్ సమర్థించారు. ఉభయ సభలు ఆమోదించాక సెప్టెంబరు 29న గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు. సరిగ్గా ఏడాదికి, 2025 సెప్టెంబరు 29న, ప్రధానంగా పారదర్శకతకు పరిమితమైన ఎస్‌బీ 53 మీద ఆయనే సంతకం చేశారు. నష్టానికి బాధ్యత నుంచి సమాచార వెల్లడికి దిగితే తప్ప చట్టం గట్టెక్కలేదన్నమాట.

బిల్లును వ్యతిరేకించిన నిపుణులు భద్రతకు శత్రువులని తీర్మానించడం సరికాదు. నమూనాలను అందరికీ ఉచితంగా విడుదల చేసే సంస్కృతి దెబ్బతింటుందని, విశ్వవిద్యాలయాల పరిశోధకులు నష్టపోతారని వారి భయం. ఆ భయానికి ఆధారం ఉంది.

కంపెనీల లోపలి కథ మరీ సూటిగా ఉంటుంది. 2023 జులైలో ఓపెన్‌ఏఐ, తనకు అప్పటివరకు సమకూరిన కంప్యూటర్ సామర్థ్యంలో 20 శాతాన్ని నాలుగేళ్ల పాటు భవిష్యత్ భద్రత పరిశోధనకు కేటాయిస్తామని ఘనంగా ప్రకటించి ప్రత్యేక బృందం ఏర్పాటుచేసింది. ఏడాది తిరగకుండానే, 2024 మేలో, ఆ బృందం నాయకులిద్దరూ, ఇల్యా సట్స్‌కెవర్, యాన్ లైకే, సంస్థను వీడారు, బృందం రద్దయింది. తళుకుబెళుకు ఉత్పత్తుల ముందు భద్రత వెనకసీటుకు పోయిందని లైకే బహిరంగంగానే అన్నారు. మరుసటి నెలలో ఓపెన్‌ఏఐ, డీప్‌మైండ్‌లలో పనిచేసిన, పనిచేస్తున్న 13 మంది, ప్రమాదాల గురించి ప్రతీకార భయం లేకుండా చెప్పుకునే హక్కు కావాలని లేఖ రాశారు. కొందరు పేర్లు వెల్లడించలేదు. 13 అంటే 30 వేల ముందు ఏపాటి? కానీ ఆ 13 సంతకాల వెనక ఉద్యోగాలు, కంపెనీ వాటాలు ఉన్నాయి. సంస్థను విమర్శించబోమని రాసివ్వకపోతే సంపాదించుకున్న వాటాలు పోవచ్చనే షరతు అప్పుడే వెలుగులోకి వచ్చింది. ఆ గొడవ తర్వాత ఓపెన్‌ఏఐ ఆ షరతును వదులుకుంది. ఈ మొత్తం చరిత్రలో లేఖలు, బహిరంగ విమర్శల ఒత్తిడికి ఒక కంపెనీ కచ్చితంగా మార్చుకున్న అంశాల్లో ఇదొకటి.

ప్రభుత్వాల స్థాయిలో 2023 నవంబరులో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కులో 28 దేశాలు, ఐరోపా సమాఖ్య కలిసి ఒక ప్రకటన చేశాయి. అమెరికా, చైనా, భారత్ మూడూ అందులో ఉన్నాయి. దాని కొనసాగింపుగా బెంగియో నేతృత్వంలో వందమంది దాకా నిపుణులు రూపొందించిన అంతర్జాతీయ ఏఐ భద్రతా నివేదిక 2025 జనవరిలో వెలువడింది. ఏకాభిప్రాయం లేనిచోట లేదని రాయడం దాని మేలైన లక్షణం. నెల తిరగకముందే పారిస్ సదస్సు ప్రకటనపై అమెరికా, బ్రిటన్ సంతకం చేయలేదు. ఆ సదస్సుకు ఫ్రాన్స్‌తో పాటు సహాధ్యక్షత వహించిన భారత్, సొంత ఏఐ భద్రతా సంస్థను అంతకు కొద్దిరోజుల ముందే ప్రకటించింది.

ఇందులో తెలుగువారికి నేరుగా సంబంధించినది ఒకటి ఉంది. 2023 అక్టోబరులో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీపీటీ-4కు ప్రమాదకరమైన ప్రశ్నలు వేశారు. ఇంగ్లిష్‌లో అడిగితే ఒక శాతం కూడా దాని కట్టుబాటు దాటించలేకపోయారు. అవే ప్రశ్నలను గూగుల్ అనువాదంతో జులూ, స్కాట్స్ గేలిక్ వంటి, ఇంటర్నెట్‌లో రాత తక్కువగా ఉన్న భాషల్లోకి మార్చి ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తే 79 శాతం సందర్భాల్లో పనైపోయింది. భద్రత పాఠాలు ఇంగ్లిష్‌లో నేర్పారు. మిగతా భాషల్లో తలుపు గడియ పడలేదు. పరీక్షించిన 12 భాషల్లో తెలుగు లేదు. 2011 జనగణన ప్రకారం 8 కోట్లకు పైగా మంది మాతృభాష అయినా ఇంటర్నెట్‌లో మన రాత ఆ స్థాయిలో లేదు. కాబట్టి కొత్త నమూనా వచ్చినప్పుడల్లా తెలుగులో అడిగి చూసే పని ఎవరో ఒకరు చేయాలి. దానికి 22 పదాల ప్రకటనతో పనిలేదు. తెలుగు వచ్చిన పరిశోధకులు, మోసపు సందేశాలు మన భాషలో ఎలా ఉంటాయో తెలిసినవారు, పరీక్షించడానికి అనుమతించే కంపెనీ ఉంటే చాలు.

2025 అక్టోబరులో ఫ్యూచర్ ఆఫ్ లైఫ్ ఇన్‌స్టిట్యూట్ మళ్లీ ముందుకొచ్చింది. ఈసారి ఆరు నెలల విరామం కాదు, మనిషిని అన్నిటా మించే మహామేధ తయారీపై నిషేధమే కోరింది. హింటన్, బెంగియోల పక్కన బ్రిటన్ రాకుమారుడు హ్యారీ, ట్రంప్ మాజీ సలహాదారు స్టీవ్ బానన్ వంటి పేర్లు చేరాయి. సంతకాలు లక్ష దాటాయి. పాత లెక్క ప్రకారం ఇంత కచ్చితమైన కోరికకు గుంపు పలచబడాలి. పలచబడిన చోట పలచబడింది కూడా: 22 పదాల మీద చేయి వేసిన పెద్ద కంపెనీల అధిపతులు ఇక్కడ లేరు. ఇక నిషేధం ఎప్పటివరకు అంటే, సురక్షితంగా, అదుపులో ఉంచి చేయవచ్చని శాస్త్రవేత్తల్లో విస్తృత ఏకాభిప్రాయం, ప్రజల నుంచి గట్టి ఆమోదం వచ్చేవరకు అని ప్రకటన చెబుతోంది. ఆ ఏకాభిప్రాయాన్ని ఎవరు కొలుస్తారు, కంపెనీ జీతం తీసుకునే శాస్త్రవేత్త ఓటును ఎలా లెక్కిస్తారు, లెకూన్ కాదంటే విస్తృతం అనవచ్చా అన్నవి అందులో లేవు.